మందుల కొట్టు నేర్పిన ఇన్సులిన్ పాఠాలు

చిక్కడపల్లి పెద్ద రోడ్డు మీద మందుల కొట్టు నడుపుతూ ముసలివాణ్ణయ్యాను. ఇప్పుడా రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు లేచాయి, కొట్టును పిల్లలు చూసుకుంటున్నారు. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. ఎవరికి ఎంత మోతాదు అని తేల్చడం నా పని కాదు. అయితే డాక్టరు రాసిన చీటీకీ, ఇంట్లో పొడుచుకునే సూదికీ మధ్య జరిగే పొరపాట్లలో చాలామటుకు మా కౌంటరు మీదుగానే పోతాయి. నారాయణగూడ నుంచి, అశోక్‌నగర్ నుంచి, దోమలగూడ నుంచి వచ్చినవాళ్ల చేతుల్లో ఇన్సులిన్ ఎన్ని విధాల మేలు చేసిందో, ఎన్ని విధాల వృథా అయిందో అక్కడ నిలబడే చూశాను.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉంటుంది. అందుకే వయసులో ఉన్న మీకు ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఇన్ని సంవత్సరాల్లో ఇన్సులిన్ వల్ల చెడినవాళ్ల కంటే ఆలస్యం వల్ల, అజాగ్రత్త వల్ల, సిగ్గు వల్ల చెడినవాళ్లనే ఎక్కువగా చూశాను.

1. సూదిని వాయిదా వేస్తే రోగం వాయిదా పడదు.

అశోక్‌నగర్‌లో రిటైరైన బడిపంతులు ఒకాయన ఉండేవారు. నెల మొదట్లో వచ్చి షుగరు మాత్రలు తీసుకెళ్లేవారు. ఒకసారి డాక్టరు ఆయనకు ఇన్సులిన్ రాశారు. ఆ చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "ఈ నెలకు పాత మాత్రలే ఇవ్వండి. సూది మొదలుపెట్టారంటే ఇక ఆఖరి దశే గదండీ" అన్నారు. ఇచ్చాను. తర్వాతి నెలా అదే మాట, అవే మాత్రలు. చివరికి కాలి వేలికి పుండు పడి, మానక, ఆ వేలు తీసేశాక గానీ ఆయన సూదికి ఒప్పుకోలేదు. "మాస్టారూ, మళ్లీ ఒకసారి డాక్టరు గారిని కలిసి రండి, అప్పుడిస్తాను" అనే ధైర్యం ఆనాడు నాకు లేకపోయింది. ఆ లోటు ఇప్పటికీ మనసును గుచ్చుతూనే ఉంది.

పెద్ద వయసులో వచ్చే షుగరు కాలం గడిచేకొద్దీ ముదురుతుంది. బ్రిటన్‌లో 20 ఏళ్లపాటు సాగి 1998లో ఫలితాలు వెలువరించిన యూకేపీడీఎస్ అధ్యయనం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. రోగం బయటపడే నాటికే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల సత్తువ సుమారు సగానికి పడిపోయి ఉంటుంది. ఆ తర్వాత కూడా ఏటేటా తగ్గుతుంది. కొన్ని రకాల మాత్రలు ఆ కణాల చేతే మరింత పని చేయిస్తాయి. బావిలో ఊట ఇంకిపోయాక చేంతాడు ఎంత పొడవు వేసినా బొక్కెన నిండదు కదా, ఇదీ అంతే. లోపల తయారు కానిదాన్ని బయటి నుంచి ఇవ్వాల్సిందే. అది రోగి ఓటమీ కాదు, డాక్టరు వేసిన శిక్షా కాదు.

మొదలుపెడితే మానలేమన్న మాట కూడా అందరి విషయంలో నిజం కాదు. గర్భిణికి, ఆపరేషన్ చేయించుకునేవారికి, పెద్ద జబ్బు చేసినవారికి కొంతకాలం ఇన్సులిన్ ఇచ్చి తర్వాత ఆపిన సందర్భాలు నేనే ఎన్నో చూశాను. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి. మన భయం చెప్పకూడదు.

2. షుగరన్న పేరు ఒకటైనా రోగాలు రెండు, ఒకే గాటన కట్టకూడదు.

టైప్-2 వాళ్లకు ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది. అది చాలదు, లేదా సరిగా పనిచేయదు. టైప్-1 సంగతి వేరు. శరీరంలోని రక్షణ వ్యవస్థే బీటా కణాలను నాశనం చేస్తుంది. ఎక్కువగా పిల్లల్లో, పడుచు వయసులో బయటపడుతుంది. వాళ్లకు ఇన్సులిన్ అన్నంతో, నీళ్లతో సమానం. అది లేకపోతే బతుకే లేదు.

నారాయణగూడలో ఒక తల్లిదండ్రులు తమ ఒక్కగానొక్క కొడుక్కి సూదులు వేయలేక కుమిలిపోయేవారు. షుగరును వేళ్లతో సహా పెకలిస్తానని ఎవరో చెబితే నమ్మి పొడి మందు తెచ్చుకుని, సూది ఆపేశారు. మూడో నాటికి పిల్లాడికి వాంతులు, కడుపునొప్పి. ఊపిరి బరువుగా, వేగంగా ఆడుతోంది. నోటి నుంచి పండు మగ్గిన వాసన. ఇన్సులిన్ అందక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే కీటోన్లనే ఆమ్లాలు నెత్తురులో పేరుకుంటాయి. ఆ పిల్లాడికి జరిగింది అదే. సమయానికి పెద్దాసుపత్రికి చేర్చారు కాబట్టి బతికాడు. ఆ పొడి ఇచ్చినవాడు మళ్లీ కనిపించలేదు.

ఇన్సులిన్ రాకముందు ఇలాంటి పిల్లలకు వైద్యమంటే దాదాపు పస్తు పెట్టడమే. కడుపు మాడ్చి కొన్ని నెలలు ప్రాణం నిలిపేవారు. 1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ జంతువుల క్లోమం నుంచి ఇన్సులిన్ సారాన్ని రాబట్టారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లాడికి దాన్ని మొదటిసారి ఎక్కించారు. ఆ మందు శుద్ధమైంది కాదు, ఫలితం అంతంతమాత్రం. జేమ్స్ కాలిప్ దాన్ని శుద్ధి చేశాక జనవరి 23న మళ్లీ ఇచ్చారు. పిల్లాడు తేరుకున్నాడు. మరో 13 ఏళ్లు బతికాడు.

కాకరకాయ తినండి, మెంతులు తినండి, వద్దనను. ఇందిరా పార్కులో నడవండి. యోగాసనాలు వేయండి. మన హైదరాబాద్‌లోనే డాక్టర్ బి.కె. సహాయ్ మధుమేహం మీద యోగా ప్రభావాన్ని శ్రద్ధగా పరిశీలించి పరిశోధన పత్రాలు రాశారు. ఇవన్నీ వైద్యానికి తోడుండేవి. టైప్-1 పిల్లల విషయంలో ఇన్సులిన్ స్థానంలో నిలబడగలిగింది వీటిలో ఒక్కటీ లేదు.

3. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె కలవందే మందు ఎక్కించకూడదు.

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా 40 యూనిట్లవి. అంటే ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నులో వేసే కార్ట్రిడ్జిలు, కొన్ని కొత్త రకం సీసాలు 100 యూనిట్లవి. సిరంజిలూ రెండు రకాలే. ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. ఈ తేడా తెలియక జరిగే పొరపాటు చిన్నది కాదు.

డాక్టరు 20 యూనిట్లు వేసుకోమన్నారనుకోండి. 40 రకం సీసాలోని మందును 100 రకం సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. "మందు వాడుతున్నా షుగరు దిగడం లేదు" అని డాక్టరు దగ్గరికి పోతే మోతాదు పెంచుతారు. ఏదో ఒకనాడు సరైన సిరంజి చేతికొస్తుంది. ఆ రోజు మనిషి పడిపోతాడు. తిరగేసి చూడండి. 100 రకం మందును 40 రకం సిరంజిలో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 50 యూనిట్లు, రెండున్నర రెట్లు. అది ప్రాణాంతకం.

సిరంజి తెమ్మని పనిపిల్లాణ్ణి పంపేవాళ్లు ఎందరో. వాడొచ్చి "ఇన్సులిన్ సూది ఇవ్వండి" అంటాడు. రద్దీ వేళలో ఏది చేతికందితే అది ఇచ్చేసే కొట్లు ఉంటాయి. కొంతకాలానికి మా కొట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. సీసా చూపించందే, లేదా దాని పేరు చెప్పందే సిరంజి ఇవ్వను. విసుక్కున్నవాళ్లున్నారు. పక్క కొట్టుకు పోయినవాళ్లూ ఉన్నారు. పోనీండి. ఆ కట్టుబాటు మొదటి రోజు నుంచే పెట్టుకోవాల్సింది.

4. ఇన్సులిన్‌కు ఎండా పడదు, మంచూ పడదు.

మే నెలలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అంటే ఫ్రిజ్‌లో మామూలు అరలో. "ఎంత చల్లగా ఉంటే అంత మంచిది" అని ఫ్రీజరులో పెట్టి గడ్డకట్టించి తెచ్చిన అమ్మలున్నారు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. వాడుకలో ఉన్న సీసా ఎండ తగలని చోట గది వేడిలో సాధారణంగా 4 వారాల దాకా ఉంటుంది. తెరిచిన తేదీని సీసా మీదే రాసుకోవాలి. పెన్ను పెట్టి ఆ తేదీ నేనే రాసి ఇచ్చేవాణ్ణి. చాలామంది మొదటిసారి దాన్ని వింతగా చూశారు.

కరెంటు గంటలకొద్దీ పోయే రోజుల్లో, ఫ్రిజ్ లేని ఇళ్లలో, కుండ ఆదుకుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండ దింపి, అందులో మందు పెట్టి మూత వేయాలి. నీళ్లలో తడవకుండా సీసాను ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాలి. ఇసుక ఆరినప్పుడల్లా తడపాలి. ఫ్రిజ్‌తో సమానం కాకపోయినా నడివేసవి వేడి నుంచి మందును కాపాడుతుంది. సంక్రాంతికి, పెళ్లిళ్లకు ఊరెళ్లేవాళ్లు కారు డిక్కీలో పెట్టిన సంచిలో ఇన్సులిన్ మరచిపోతారు. ఆ డిక్కీ వేడికి మందు చచ్చిపోతుంది, సీసా మాత్రం చూడటానికి అలాగే ఉంటుంది.

పాలలా మసకగా ఉండే ఇన్సులిన్‌ను వాడేముందు రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. కుదపకూడదు. తేటగా ఉండాల్సింది మసకబారినా, మసకగా ఉండాల్సింది ఎంత దొర్లించినా ఉండలు విడవకపోయినా ఆ సీసాను వాడొద్దు.

5. పొడిచిన చోటే పొడిస్తే మందు ఒంటబట్టదు.

బొడ్డు పక్కన ఒకే చోట ఏళ్ల తరబడి పొడుచుకునేవాళ్లను చూశాను. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి వాళ్లకు అదే సుఖం. కొన్నాళ్లకు ఆ చోట కొవ్వు గడ్డకట్టి ఉబ్బుతుంది. ఆ గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒకరోజు ఆలస్యంగా, మరోరోజు హఠాత్తుగా నెత్తురులో కలుస్తుంది. షుగరు ఎందుకు పైకీ కిందికీ ఆడుతోందో ఎవరికీ అంతుబట్టదు. పొట్ట, తొడల ముందువైపు, పిరుదులు, మోచేతికి పైన చేతుల వెనకవైపు చర్మం కింద, ఇవి ఇన్సులిన్ వేసుకునే చోట్లు. ఒక్కో చోటులో కూడా సూదికీ సూదికీ మధ్య వేలెడు ఎడం ఉండేలా మారుస్తూ పోవాలి. వారానికోసారి వేళ్లతో తడిమి గడ్డలున్నాయేమో చూసుకోవాలి. డాక్టరు అడగకపోయినా మీరే చూపించండి.

వాడిన సూదిని చెత్తబుట్టలో వేయడం మనం చాలా తేలిగ్గా చేసే తప్పు. తెల్లవారుజామున మన వీధి చెత్త ఎత్తే మనిషి చేతికి అది గుచ్చుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక బిగించి, తీసుకునే ఆసుపత్రిలో గానీ ల్యాబులో గానీ ఇవ్వండి.

6. ఇన్సులిన్ వేసుకున్నాక ఆకలితో బేరాలాడకూడదు.

అశోక్‌నగర్ అంటే ఇప్పుడు పోటీ పరీక్షల ఊరు. నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో, కోచింగ్ సెంటర్ల మెట్ల మీద, చెట్ల కింద గ్రూప్స్ చదివే పిల్లలే. వాళ్లలో టైప్-1 ఉన్నవాళ్లు కొందరు మా కొట్టుకు వచ్చేవారు. పొద్దున ఇన్సులిన్ వేసుకుంటారు. హాస్టల్ మెస్సులో వంట ఆలస్యమవుతుంది. ఈలోగా లైబ్రరీలో కుర్చీ దొరకదేమోనని పరుగెత్తుతారు. టీ తాగి సరిపెట్టుకుందామనుకుంటారు. నెత్తురులో చక్కెర 70 మిల్లీగ్రాముల కిందికి పడిపోతుంది.

ముందు చెమట, చేతుల వణుకు, గుండె దడ. తర్వాత చూపు మసక, మాట తడబాటు. ఆపైన స్పృహ పోవడం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర ఒక మధ్యాహ్నం తూలుతూ నడుస్తున్న మనిషిని చూసి "పొద్దుగాల్నే తాగిండు" అని నవ్వుకుంటున్నారు జనం. జేబులో ఇన్సులిన్ పెన్ను ఉంది. నోట్లో చక్కెర వేశాక మనిషి తేరుకున్నాడు. తాగినవాడిలా తూలే ప్రతి మనిషీ తాగినవాడు కాకపోవచ్చు. ఈ మాట మీరు మరచిపోకండి.

లో షుగరు వస్తే 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత పరీక్ష చేసుకుని, పెరగకపోతే మళ్లీ అంతే తాగాలి. పెరిగాక ఏదైనా తినాలి. చాక్లెట్ దీనికి పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా కలుస్తుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏకాదశి, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలుండేవారు కొన్నాళ్ల ముందే డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోవాలి. దేవుడి మీద భక్తితోనే అయినా, ఇన్సులిన్ వేసుకుని పస్తుండటం ఒంటికి చేసే ద్రోహమే.

7. జ్వరం వచ్చిన రోజున ఇన్సులిన్ మీద శ్రద్ధ పెరగాలి.

"అన్నం తినలేదు, ఇంక ఇన్సులిన్ ఎందుకు?" ఈ ప్రశ్న వినని వానాకాలం లేదు. తర్కం సరిగ్గానే కనిపిస్తుంది. అయితే జ్వరం వచ్చినప్పుడు, ఒంట్లో ఎక్కడైనా చీము పట్టినప్పుడు శరీరం విడుదల చేసే హార్మోన్లు నెత్తురులో చక్కెరను పెంచుతాయి. తినకపోయినా పెరుగుతుంది. టైప్-1 వాళ్లు ఆ రోజు ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే ఇందాక చెప్పిన కీటోన్ల ప్రమాదం గంటల్లో ముంచుకొస్తుంది. భోజనానికి వేసే సూది తగ్గించాలా, రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఎంత వేయాలి అన్నది డాక్టరును అడగాలి. నీళ్లు బాగా తాగాలి. రోజుకు ఒకసారి చేసే పరీక్ష ఆ రోజు మూడు నాలుగుసార్లు చేయాలి. వాంతులు ఆగకపోతే ఇంట్లో కూర్చోవద్దు.

మీకు వీలైనప్పుడు, ఒంట్లో బాగున్న రోజునే, "జ్వరమొస్తే నేనేం చేయాలి?" అని డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. అర్ధరాత్రి నా బోటి మందుల కొట్టు మనిషికి ఫోను చేసి అడగాల్సిన ప్రశ్న కాదది. అలా అడిగినప్పుడు సరైన జవాబు చెప్పే అర్హత లేక నేను పడ్డ ఇబ్బంది నాకు తెలుసు.

8. దాచుకున్న ఇన్సులిన్ వేళకు అందదు.

టైప్-1 ఉన్న ఒక అమ్మాయికి పెళ్లి కుదిరింది. పెద్దవాళ్లు మగపెళ్లివారికి చెప్పొద్దన్నారు. పెళ్లి పందిట్లో, పేరంటంలో, అత్తారింట్లో ఆ పిల్ల బాత్రూములో దాక్కుని సూది వేసుకునేది. వీలు కాని రోజు మానేసేది. రెండు నెలల్లో ఒళ్లు ఎండిపోయింది. చివరికి నిజం బయటపడింది. నిజానికి ఆ అబ్బాయి కోపగించుకున్నది రోగం ఉన్నందుకు కాదు, చెప్పనందుకు. ఇన్సులిన్ వాడే అమ్మాయిలు సరైన అదుపుతో గర్భం దాల్చి, ఆరోగ్యమైన పిల్లల్ని కంటున్నారు. ఆ మాట చెప్పాల్సిన పెద్దలు గుసగుసలాడటమే దోషం.

హాస్టల్లో ఉండేవాళ్లు కనీసం ఒక గదిమిత్రుడికైనా చెప్పాలి. గ్లూకోజు ఎక్కడుందో, స్పృహ తప్పితే ఎవరికి ఫోను చేయాలో వాడికి తెలిసుండాలి. జబ్బు దాస్తే మర్యాద మిగులుతుందని మా తరం నమ్మింది. దానికి మూల్యం కట్టింది మా పిల్లలు.

9. ఒంటి మాట సరిపోదు, నెత్తురు మాట వినాలి.

"నాకు షుగరు పెరిగితే తెలుస్తుంది సార్" అని చెప్పేవారు చాలామంది. తెలియదు. 250 ఉన్నా హాయిగా తిరిగేవాళ్లున్నారు. నా చిన్నతనంలో బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రపు చుక్కలు వేసి, గాజు గొట్టాన్ని దీపం మీద మరిగించి రంగు చూసేవారు. నీలంగా ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక రంగు, ఇలా వరసగా ఎక్కువ ఉన్నట్టు. ఎన్నో గంటల కిందటి సంగతినే అది చెప్పేది. ఇప్పుడు వేలి చివర నెత్తురుచుక్కతో గ్లూకోమీటరు క్షణాల్లో చెబుతోంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు పథ్యం చేసి డాక్టరును మెప్పించేవారి గుట్టు ఇది రట్టు చేస్తుంది.

ఈ శ్రమ వృథా కాదనడానికి గట్టి సాక్ష్యం ఉంది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్-1 రోగుల మీద జరిగి 1993లో ఫలితాలు వచ్చిన డీసీసీటీ అధ్యయనంలో చక్కెరను గట్టి అదుపులో ఉంచుకున్నవారికి కంటిపొర దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. అయితే అదే అధ్యయనం ఇంకో సంగతీ చూపింది. గట్టి అదుపులో ఉన్నవారికి లో షుగరు కూడా ఎక్కువసార్లు వచ్చింది. కనుక అదుపు అంటే పరీక్ష, మందు, తిండి మూడూ కలిసి నడవడం. డబ్బు ఇబ్బంది ఉంటే 2018లో మన నగరంలో మొదలైన బస్తీ దవాఖానాల్లో షుగరు పరీక్ష ఉచితంగానే చేస్తారు.

10. ఈ మందును కనిపెట్టినవాళ్లు దానితో సొమ్ము చేసుకోవాలనుకోలేదు. మనమూ దాన్ని అందరికీ అందేలా చూడాలి.

బాంటింగ్, బెస్ట్, కాలిప్ తమ పేటెంటు హక్కును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు ఇచ్చేశారు. 1923లో బాంటింగ్‌కూ, ఆయనకు ప్రయోగశాల ఇచ్చిన మెక్లియాడ్‌కూ నోబెల్ బహుమతి వస్తే, ఒకరు బెస్ట్‌తో, ఇంకొకరు కాలిప్‌తో సొమ్ము పంచుకున్నారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఆవుల, పందుల క్లోమం నుంచి తీసిన ఇన్సులినే వాడాం. కొందరికి దద్దుర్లు వచ్చేవి, సూది వేసిన చోట గుంటలు పడేవి. జన్యు పరిజ్ఞానంతో తయారైన మానవ ఇన్సులిన్‌కు 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దేశంలో 2003లో వొకార్డ్, 2004లో బయోకాన్ స్వదేశీ మానవ ఇన్సులిన్‌ను తెచ్చాయి. పోటీ పెరిగి ధర దిగింది. మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను తయారుచేసిన పికియా అనే ఈస్టుతోనే బయోకాన్ ఇన్సులిన్‌ను తయారుచేసింది.

అయినా నెలాఖరు రోజుల్లో కౌంటరు ముందు నిలబడి "సగం మోతాదు వేసుకుంటే రెండు వారాలు గడుస్తుంది కదా?" అని మెల్లగా అడిగే ముఖాలు నాకు ఇప్పటికీ కనబడతాయి. గడవదు. ఖరీదైన కొత్త రకం కొనలేకపోతే సీసాలో దొరికే పాత రకం మానవ ఇన్సులిన్ చాలా తక్కువ ధరకు వస్తుంది, ఎంతోమందికి అది చక్కగా సరిపోతుంది. "నా స్థోమత ఇంత, దీనిలో వచ్చే మందు రాయండి" అని డాక్టరును అడగడంలో చిన్నతనం లేదు. 2003లో ముషీరాబాద్ పాత జైలు స్థలానికి తరలివచ్చిన గాంధీ ఆసుపత్రి మనకు దగ్గర్లోనే ఉంది. ఉస్మానియా ఉంది. సర్కారు దవాఖానాలో ఇన్సులిన్ తీసుకోవడం మన హక్కు.

నవంబరు 14న మన దేశంలో బాలల దినోత్సవం జరుపుతాం. అదే రోజు బాంటింగ్ పుట్టినరోజు, ప్రపంచ మధుమేహ దినం. ఆ రోజు దాకా ఆగొద్దు. మీ ఇంట్లో ఇన్సులిన్ వాడే పెద్దలుంటే ఈ రాత్రే వాళ్ల పక్కన కూర్చోండి. "అమ్మమ్మా, సూది ఎలా వేసుకుంటావో ఒకసారి చూపించు" అనండి. సీసా ఏ రకమో, సిరంజి ఏ రకమో చూడండి. ఎప్పుడు తెరిచారో అడగండి. పొట్ట మీద గడ్డలున్నాయేమో తడమమనండి. ఇంట్లో గ్లూకోజు ఎక్కడుందో తెలుసుకోండి. ఏదైనా తేడా కనిపిస్తే మీరే సొంతంగా మోతాదు మార్చకుండా, రేపు పొద్దున్నే వాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.